బంగారు పసుపు దగ్గర ఆగిన చెయ్యి

మా నాన్న తెనాలిలో వెండి పని చేసేవాడు. నేను ఫొటో స్టూడియోలో చేరాను. కుంపటి ముందు కూర్చోవలసినవాడు వెళ్ళి చీకటి గదిలో దూరాడని ఆయనకు కొన్నేళ్ళు మనసులో కష్టంగానే ఉండేది. ఈ రెండు పనులకూ దగ్గరి చుట్టరికం ఉందని మాకు తెలిసింది అమ్మ కుంకుమ భరిణె వల్ల.

అప్పట్లో నలుపు తెలుపు ప్రింట్ల మీద నల్ల చుక్కలు పడితే అయోడిన్ ద్రావణంతో తీసేవాళ్ళం. సన్న కుంచె కొసతో అద్ది, హైపో అనే స్థిరీకరణ ద్రావణంలో వేసి కడిగితే చుక్క మాయమయ్యేది. ఆ పనికోసం విజయవాడలో కొన్న అయోడిన్ పలుకుల సీసాను ఇంటికి తెచ్చి బీరువా అరలో పెట్టాను. మూత సరిగ్గా బిగించలేదు. పది పన్నెండు రోజులకు వరలక్ష్మీ వ్రతానికని అమ్మ భరిణె తీసింది. సీసా వైపు ఉన్న పక్క అంతా రంగులు తిరిగిపోయి ఉంది. సీసాకు దూరంగా లేత పసుపు, కొంచెం ఇవతల బంగారు రంగు, తరవాత గులాబి, ఊదా, సీసాకు మరీ దగ్గరగా ఉన్న చోట నీలం. వాన నీళ్ళ మీద కిరసనాయిలు పడితే ఎలా ఉంటుందో అలా. అమ్మకు అది పుట్టింటివారు పెట్టిన వస్తువు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. భరిణెను పమిట కొంగుతో తుడిచింది. రంగు పోలేదు. మళ్ళీ తుడిచింది.

నాన్న దాన్ని కిటికీ దగ్గరకు తీసుకుపోయి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది మసి కాదురా, పైన పడింది కాదు. వెండే మారింది" అన్నాడు. కాసేపాగి, "తోమితే పోతుంది. కానీ పోయేది రంగు కాదు, వెండి" అని కూడా అన్నాడు. చదువు మూడో తరగతితో ఆగిన మనిషి. ఫొటోగ్రఫీ పుట్టుక గురించి తరవాత ఎన్నో ఏళ్ళు నేను చదివినదంతా ఆ రెండు వాక్యాల చుట్టూనే తిరిగింది.

ఫొటో అంటే మనకు కాగితం, ఫిల్మ్, ఇప్పుడైతే ఫోను. కానీ జనం చేతికి వచ్చిన మొట్టమొదటి ఫొటో లోహపు రేకు. రాగి మీద వెండి తాపడం చేసిన రేకును అద్దంలా మెరుగు పెట్టి, అయోడిన్ ఆవిరి పట్టించి, ఆ వెండి చర్మాన్నే వెలుగును గుర్తుంచుకునేలా మార్చేవాళ్ళు. దాని పేరు డాగెరోటైప్. ఫొటోగ్రఫీ చరిత్ర చెప్పేవాళ్ళు కటకం గురించి, వెలుగు గురించి గంటల తరబడి చెబుతారు. ఆవిరి దగ్గరకు వచ్చేసరికి ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు అది అన్యాయమనిపిస్తుంది. ఆ ఆవిరి దగ్గరే అసలు పనితనం ఉంది.

అయోడిన్ మొదట మనిషి కంట పడింది కూడా లోహాన్ని తింటూనే. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఫ్రాన్సుకు తుపాకిమందుకోసం సురేకారం బోలెడు కావాలి. మంచి సురేకారం పండే బెంగాల్, బీహార్ అప్పటికే ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉన్నాయి. దాంతో పారిస్‌లో బెర్నార్ కూర్త్వా వంటివాళ్ళు తామే సురేకారం తయారు చేసుకునేవాళ్ళు. దానికి కావలసిన బూడిదను కూర్త్వా సముద్రపు నాచు కాల్చి తీసేవాడు. ఆ నాచు ద్రావణం కాచిన రాగి బానలు విచిత్రంగా తినేసుకుపోయేవని చెబుతారు. 1811లో ఒక రోజు బానలో మిగిలిన మడ్డిలో గంధకామ్లం మామూలుకన్నా ఎక్కువ పడింది. ఊదారంగు పొగ లేచింది. ఆ పొగ చల్లని చోట ద్రవంగా మారకుండా నేరుగా నల్లటి పలుకులై పేరుకుంది. ఊదా అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి రసాయన శాస్త్రవేత్త గే-లుస్సాక్ దానికి పేరు పెట్టాడు. 1831లో ఫ్రెంచి విజ్ఞానశాస్త్ర అకాడమీ కూర్త్వాకు 6,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. అయినా పేదరికం వదల్లేదు. 1838 సెప్టెంబరులో పోయాడు. ఇంకో నాలుగు నెలలు ఉంటే తన ఊదా పొగ ఏం చేసిందో అతని చెవిన పడేది.

ఆ పొగను వెండి మీదకు తెచ్చినవాడు నీసెఫోర్ నియెప్స్. ఫ్రాన్సులోని షలోన్ దగ్గర పల్లెలో ఉంటూ, వెలుగు తగిలితే గట్టిపడే ఒక రకం తారుతో లోహపు రేకుల మీద బొమ్మలు పట్టే ప్రయత్నంలో ఏళ్ళు గడిపాడు. తారు లేని చోట మెరిసే వెండి నీడ భాగాలు కావాలి. నీడ మెరిస్తే ఎలా? అందుకని వాటిని నల్లబరచడానికి అయోడిన్ ఆవిరి పట్టాడు. ఆయనకు అది వట్టి నలుపు రంగు. 1829 డిసెంబరులో లూయీ డాగెర్‌తో భాగస్వామ్యం రాసుకున్నాడు. డాగెర్ పారిస్‌లో నాటకాల తెరలు గీసే చిత్రకారుడు, డయోరామా అనే వింత ప్రదర్శనశాల నడిపేవాడు. నల్లబరచడానికి వాడిన ఆ పొరకే వెలుగు తగిలితే మార్పు వస్తుందని 1831 ప్రాంతంలో పట్టుకున్నది డాగెర్. 1833లో నియెప్స్ చనిపోయాడు. ఆ తరవాత రెండేళ్ళకు, కంటికి కనపడని ఆ మార్పును పాదరసం ఆవిరితో పైకి తేవచ్చని డాగెర్ కనిపెట్టాడు. బీరువాలో పగిలిన థర్మామీటరు వల్ల అది జరిగిందనే కథకు రుజువు లేదు, దాన్ని వదిలేద్దాం.

1839 జనవరి 7న ఫ్రెంచి విజ్ఞానశాస్త్ర అకాడమీలో శాస్త్రవేత్త అరాగో ఈ సంగతి ప్రకటించాడు. ఫ్రాన్సు ప్రభుత్వం డాగెర్‌కు ఏడాదికి 6,000 ఫ్రాంకులు, నియెప్స్ కొడుక్కి 4,000 ఫ్రాంకులు పింఛను ఏర్పాటు చేసి, ఆగస్టు 19న కిటుకునంతా లోకానికి విప్పి చెప్పింది. ఇంగ్లాండులో మాత్రం అంతకు అయిదు రోజుల ముందే పేటెంటు తీసుకున్నారు, అక్కడ పని చేసుకోవాలంటే డబ్బు కట్టాల్సిందే. కూర్త్వాకు జన్మలో ఒక్కసారి దక్కిన మొత్తం డాగెర్‌కు ఏటా అందింది. అంకె ఒకటే కావడం యాదృచ్ఛికమే, కానీ ఆ రెండూ పక్కపక్కన చూసినప్పుడల్లా నాకు కూర్త్వా కోసం బాధ కలుగుతుంది.

ఇక పని ఎలా సాగేదో చెబుతాను. మా నాన్నకు నేను విప్పి చెప్పినట్టే చెబుతాను.

రేకును ముందు మెత్తటి ప్యూమిస్ పొడి, ఆలివ్ నూనె వేసి దూదితో రుద్దాలి. పలచటి నత్రికామ్లంతో తుడవాలి. మళ్ళీ రుద్దాలి. కాలం గడిచే కొద్దీ స్టూడియోలలో జింక తోలు చుట్టిన పొడుగాటి చెక్కలు వచ్చాయి. చివరి రుద్దుడు బొమ్మకు అడ్డంగా, ఒకే దిక్కున పోవాలి. లేకపోతే ఆ సన్న గీతలు వెలుగు పట్టుకుని మొహం మీద పొగమంచులా కనపడతాయి. ఈ మాట చెప్పగానే నాన్న కళ్ళు మెరిశాయి. "మెరుపు వేరు, అద్దం వేరు. మెరుపు ఎవడైనా తెస్తాడు" అన్నాడు. ఒక పుస్తకంలో అచ్చయిన పాత డాగెరోటైప్ చూపించాను. ఫొటో తీసింది ఎవరని అడగలేదు. "మెరుగు పెట్టింది ఎవర్రా?" అని అడిగాడు. ఆ పని ఎక్కువగా స్టూడియోల్లో కుర్రవాళ్ళు, ఆడవాళ్ళు చేసేవాళ్ళు. వాళ్ళ పేర్లు రేకుల మీద లేవు.

మెరుగు అయ్యాక అయోడిన్ పెట్టె. అడుగున పళ్ళెంలో పలుకులు, వాటి పైన ఆవిరి అంతటా సమంగా లేవడానికి పలచటి గుడ్డ, ఆ పైన రేకు బోర్లా. రేకు అంచుల చుట్టూ అదే లోహపు పట్టీలు బిగించాలని డాగెర్ తన చిన్న పుస్తకంలో పట్టుబట్టి చెప్పాడు. అంచుల దగ్గర ఆవిరి ఎక్కువ పట్టకుండా ఉండటానికి. మసక వెలుగులో రేకు తీసి, తెల్ల కాగితం నీడ అందులో పడేట్టు పట్టుకుని రంగు చూడాలి. మొదట లేత పసుపు, తరవాత బంగారు పసుపు, నారింజ, గులాబి, ఊదా, ఉక్కు నీలం, లేత ఆకుపచ్చ, మళ్ళీ పసుపు. మా అమ్మ భరిణె మీద పక్కపక్కన పరచుకున్న వరస ఇక్కడ ఒకదాని తరవాత ఒకటిగా వచ్చి పోతుంది. డాగెర్ చెప్పింది బంగారు పసుపు దగ్గర ఆగమని. లేతగా ఉంటే బొమ్మ బలహీనం. ఊదాకు పోతే వెలుగు పట్టే శక్తి తగ్గుతుంది. దీనికి అయిదు నిమిషాలు పట్టవచ్చు, అరగంట పట్టవచ్చు. గదిలో వేడిని బట్టి, పలుకుల పాతదనాన్ని బట్టి మారుతుంది. గడియారం ఇక్కడ పనికిరాదు.

ఈ రంగులు అయోడిన్ వెండితో కలిసి ఏర్పడే వెండి అయోడైడ్‌ రంగులు కావు. పొర పై అంచు నుంచి తిరిగి వచ్చే వెలుగు, అడుగున వెండి నుంచి తిరిగి వచ్చే వెలుగు కలిసినప్పుడు కొన్ని రంగుల తరంగాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మిగిలింది మన కంటికి కనిపిస్తుంది. పొర మందం మారితే మిగిలే రంగు మారుతుంది. బంగారు పసుపు దగ్గర ఆ మందం కొన్ని పదుల నానోమీటర్లు, తలవెంట్రుకలో వెయ్యో వంతుకు లోపే. కొలిచే సాధనం ఏదీ లేని రోజుల్లో స్టూడియోలో కుర్రవాడు ఆ మందాన్ని కంటితో కొలిచి చెయ్యి ఆపేవాడు.

నాన్నకు ఇది చెబుతుంటే మధ్యలో ఆపి లోపలికి వెళ్ళాడు. తన నగిషీ ఉలి ఒకటి తెచ్చాడు. ఉక్కు ఉలిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది కానీ గాజులా పెళుసుగా ఉంటుంది. ఆ పెళుసు పోవడానికి దాన్ని తోమి మళ్ళీ సన్న సెగ చూపిస్తారు. అప్పుడు ఉక్కు మీద గడ్డి పసుపు, గోధుమ రంగు, ఊదా, నీలం పాకుతూ వస్తాయి. గడ్డి పసుపు కొసకు చేరగానే నీళ్ళలో ముంచాలి, నీలం వచ్చిందంటే ఆ ఉలి నగిషీకి పనికిరాదు. "ఇదీ అదీ ఒకటే కదరా" అన్నాడు. ఒకటే. అక్కడ గాలిలోని ఆక్సిజన్ ఇనుముతో కలిసిన పొర, ఇక్కడ అయోడిన్ వెండితో కలిసిన పొర. రెండూ పొర మందం చూపించే రంగులే. నేను పుస్తకంలో నేర్చుకున్నది ఆయన చేతిలో నలభై ఏళ్ళుగా ఉంది.

ఆవిరి వెండిని తాకిన క్షణంలో ఏం జరుగుతుందో ఇప్పుడు స్పష్టంగా తెలుసు. అయోడిన్ అణువులో రెండు పరమాణువులు జంటగా ఉంటాయి. శుభ్రమైన వెండి మీద వాలగానే ఆ జంట విడిపోతుంది. ఒక్కో పరమాణువు వెండి పరమాణువుల నడుమ గుంటలో కుదురుకుంటుంది. దీన్ని అధిశోషణం అంటారు. లోపలికి ఇంకిపోవడం కాదు, పైన పట్టుకుని ఉండటం. నున్నటి వెండి స్ఫటికాన్ని గాలి లేని గదిలో పెట్టి చూసినవాళ్ళకు మూడు వెండి పరమాణువులకు ఒక అయోడిన్ చొప్పున, ముగ్గు చుక్కలంత క్రమంగా ఒక వరస కనిపించింది. ఆ మొదటి వరస నిండాకనే అసలు రసాయన చర్య ఊపందుకుంటుంది, వెండి అయోడైడ్ పొర మందంగా పెరగడం మొదలవుతుంది. రేకు మీద నూనె జిడ్డో వేలిముద్రో ఉంటే ఆ వరసే సరిగ్గా కూర్చోదు. మెరుగు పెట్టేవాళ్ళ కష్టమంతా ఇందుకే.

తరవాత జరిగేది నన్ను బాగా ఆశ్చర్యపరిచిన సంగతి. అయోడిన్ పొరను తొలుచుకుని లోపలికి దిగి వెండిని అందుకుంటుందని నేను అనుకునేవాణ్ణి. కాదు. వెండే పొరలోంచి పైకి నడిచి వచ్చి అయోడిన్‌ను కలుస్తుంది. పొర మందమయ్యే కొద్దీ ఆ నడక దూరమవుతుంది కనుక పెరుగుదల నెమ్మదిస్తుంది. రెండింతల మందానికి నాలుగింతల కాలం కావాలి. ఈ లెక్కను 1920లో జర్మనీలోని గోటింగెన్‌లో గుస్తావ్ టామన్ తేల్చాడు. ఎలాగంటే, వెండిని అయోడిన్ ఆవిరిలో ఉంచి, పైన మారే రంగులు చూసి. అంటే 80 ఏళ్ళ ముందు డాగెరోటైప్ స్టూడియోల కుర్రవాళ్ళు చూసిన రంగులనే! 1933లో కార్ల్ వాగ్నర్ దానికి సిద్ధాంతం కట్టాడు. లోహాలు ఎలా తుప్పు పడతాయి, ఏ పొర లోహాన్ని కాపాడుతుంది, ఏ పొర కాపాడదు అని ఇంజనీర్లు వేసే లెక్కలకు అది పునాది.

రేకు సంగతికి వద్దాం. కెమెరాలో వెలుగు తగిలిన చోట అయోడైడ్‌లో వెండి కణాలు చిన్న చిన్న గుంపులుగా విడిపడతాయి, విడుదలైన అయోడిన్‌ను అడుగునున్న వెండి పట్టేసుకుంటుంది. కంటికి ఏమీ కనపడదు. రేకును పెట్టెలో 45 డిగ్రీల వాలుగా పెట్టి, కింద పాదరసాన్ని 60 డిగ్రీలకు కాస్త పైగా వేడి చేస్తే, ఆవిరి ఆ గుంపుల మీదే పేరుకుని తెల్లటి పొడిలా కనిపిస్తుంది. మిగిలిన అయోడైడ్‌ను హైపోతో కడిగేస్తే నీడ భాగాల్లో ఉత్త వెండి అద్దం మిగులుతుంది. నల్లటి వస్తువు నీడ అందులో పడేట్టు పట్టుకుంటే బొమ్మ కనిపిస్తుంది. కొంచెం వాల్చితే తెలుపు నలుపులు తారుమారవుతాయి. ఇంకొంచెం వాలిస్తే మన మొహమే కనిపిస్తుంది.

అయోడిన్ ఒక్కదానితో చిక్కు ఏమిటంటే ఓపిక. మంచి ఎండలో కూడా నిమిషాలు పట్టేది. 1838లో డాగెర్ తీసిన పారిస్ వీధి బొమ్మలో బళ్ళు, జనం కదిలిపోయి మాయమయ్యారు, బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒక మనిషి మాత్రం మిగిలాడు. మనుషుల ఫొటో తీసి బతకాలంటే ఈ వేగం చాలదు. దారి చూపింది అయోడిన్ తోబుట్టువులు. 1840 చివర్లో లండన్‌లో జాన్ గొడార్డ్ బ్రోమిన్ ఆవిరి కూడా పట్టిస్తే రేకు త్వరగా స్పందిస్తుందని ప్రకటించాడు. మరుసటి ఏడు ఆంట్వాన్ క్లోదే క్లోరిన్ కలిపిన మందు చెప్పాడు. వియెన్నాలో, ఫిలడెల్ఫియాలో కూడా ఇదే ప్రయత్నం సాగింది. నిమిషాలు సెకన్లలోకి దిగాయి. 1841 మార్చి 23న రిచర్డ్ బియర్డ్ లండన్‌లో పైకప్పు మీద నీలం అద్దాల గది కట్టి, డబ్బుకు మొహాలు తీసే స్టూడియో తెరిచాడు. రేకుకు నీలం వెలుగే ముఖ్యం కనుక అద్దాలు నీలం. పని వరస కూడా మారింది. ముందు అయోడిన్ పసుపు వరకు, తరవాత బ్రోమిన్ గులాబి వరకు, మళ్ళీ కాసేపు అయోడిన్. ప్రతివాడికీ తన సొంత రంగుల లెక్క, తన సొంత మందు. దాన్ని కొడుక్కి తప్ప చెప్పేవాళ్ళు కారు.

బ్రోమిన్ మామూలు మందు కాదు. మూత తీస్తే ఎర్రటి పొగ, కళ్ళు మండిపోతాయి, గొంతు పట్టేస్తుంది. పక్కనే పాదరసం సెగ. కిటికీలు మూసిన గదుల్లో పొద్దస్తమానం ఆ గాలి పీల్చిన మనుషులు పట్టిన మొహాలే ఈనాడు గాజు పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. ఫిలడెల్ఫియాలో 1839 శరదృతువులోనే తన మొహం తానే తీసుకున్న రాబర్ట్ కొర్నీలియస్ దీపాల తయారీ కుటుంబంవాడు, వెండి తాపడంలో పండినవాడు. మొదట్లోనే ఈ పని పట్టుబడినవాడు లోహం పనివాడు కావడంలో నాకు వింతేమీ కనపడదు.

1840లోనే కలకత్తాలో డాగెరోటైప్ కెమెరాలు అమ్మకానికి వచ్చాయి. అయితే 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజు పలక మీద కొలోడియన్ పద్ధతి తెచ్చాక, ఒక్క నెగటివ్‌తో ఎన్ని కాగితపు ప్రింట్లయినా తీయగలిగాక, ఒక్కటే తయారయ్యే వెండి రేకుకు గిరాకీ తగ్గిపోయింది. పదేళ్ళలో పని మూతపడింది. సికింద్రాబాద్‌లో ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ స్టూడియో పెట్టేనాటికి ఈ పెట్టెలు పాత సామాను. అయినా ఆయన గాజు పలకల మీద ఉన్నదీ వెండి బ్రోమైడే, నా డార్క్‌రూమ్ కాగితం మీద ఉన్నదీ అదే. బ్రోమిన్ లోహం మీద ఆవిరిగా వాలే పని మానేసి, జిలాటిన్‌లో కలిసి వచ్చింది, అంతే.

భరిణె సంగతి జరిగిన మరుసటి వేసవిలో నాన్న అగ్గిపెట్టె అంత వెండి రేకు కొట్టి ఇచ్చాడు. మూడు రోజులు మెరుగు పెట్టాడు. ఊపిరి ఊది, ఆ మంచు సమంగా విడిపోతుందో లేదో చూసి మళ్ళీ రుద్దాడు. పాదరసం జోలికి నేను పోదలచుకోలేదు. 1840లో ఎడ్మండ్ బెకెరెల్ కనుక్కున్న ఇంకో దారి ఉంది, ఎర్ర గాజు కింద ఎండలో పెడితే బొమ్మ తనంతట తాను పైకి వస్తుంది. గాజు పళ్ళెంలో పలుకులు వేసి, పైన పాత పంచె ముక్క కట్టి, రేకు బోర్లించాం. నేను గడియారం చూస్తున్నాను. నాన్న అంచు కొద్దిగా ఎత్తి కాగితం నీడలో చూసి, మళ్ళీ దించి, మళ్ళీ ఎత్తి, "చాలు" అన్నాడు. నేను ఇంకా లేత పసుపే అనుకున్నాను. వెలుగులోకి కొంచెం తిప్పితే అది బంగారమే.

వేపాకు ఒకటి పైన పెట్టి ఎండ చూపించాం, తరవాత ఎర్ర గాజు కింద మధ్యాహ్నమంతా ఉంచాం. హైపోలో కడిగాక ఆకు అంచు, నడిమి ఈనె సన్నగా వచ్చాయి. ఎక్కువేమీ రాలేదు. నాన్న దాన్ని అమ్మ దగ్గరకు తీసుకుపోయి చేతిలో పెట్టాడు. ఆమె అటూ ఇటూ తిప్పి, "ఏదీ, నాకు నా మొహమే కనపడుతోంది" అంది. నాన్న వెనక నుంచి ఆమె మణికట్టు పట్టుకుని కొద్దిగా కిందికి వంచాడు. "ఇప్పుడు చూడు" అన్నాడు.